తొమ్మిది, పది తరగతుల పిల్లలు తాగుతున్నారు: గ్రామసభ తీర్మానంలో ఏం రాయాలి, ఏం రాయకూడదు?

వేపగద్దె
అందరికీ నమస్కారం. ఉత్తర తెలంగాణలో 430 గడపల ఊరు మాది. లైసెన్సు ఉన్న వైన్స్ ఏడు కిలోమీటర్ల అవతల, మండల కేంద్రంలో ఉంది. ఊళ్లో మాత్రం ఐదు బెల్టు షాపులు నడుస్తున్నాయి. రెండు కిరాణాలు, ఒక హోటలు, ఒక చికెన్ సెంటరు, ఇంకొకటి ఇంట్లోనే. పెద్దవాళ్ల తాగుడు సంగతి ఇప్పటికి పక్కన పెడుతున్నా. ఏడాదిగా తొమ్మిది, పది చదివే పిల్లలు, ఇంటర్‌కు పోయే పిల్లలు చెరువు కట్ట వెనక, బడి ప్రహరీ అవతల, బావుల కాడ మోటారు గదుల్లో తాగుతున్నారు. నలుగురు పైసలు వేసుకొని ఒక క్వార్టరు తెచ్చి స్ప్రైట్ సీసాలో కలుపుకుంటున్నారు.

గ్రామైక్య సంఘం, యువజన సంఘం కలిసి వచ్చే గ్రామసభలో తీర్మానం పెట్టాలనుకుంటున్నాం. ముసాయిదా ఇలా ఉంది: బెల్టు నడిపితే 50 వేల జరిమానా, పిల్లవాడు తాగి దొరికితే తల్లిదండ్రులకు 5 వేలు, పట్టించినవాళ్లకు 5 వేల బహుమానం. అభివృద్ధి కమిటీ పెద్దలేమో "ఐదు ఎందుకు, వేలం పెట్టి ఒక్కరికే ఇద్దాం, పైసలు గుడికి వస్తయి, పిల్లలకు అమ్మొద్దని షరతు పెడదాం" అంటున్నారు.

ఈ జరిమానాలు చెల్లుతాయా? ఫిర్యాదు ఎవరికి ఇస్తే కదులుతుంది? ఇప్పటికే అలవాటు పడిన పిల్లల్ని ఏం చేయాలి? ఈ పని తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. ఊరికే "అవగాహన కల్పించాలి" అంటే మాకు పని జరగదు.

కచ్చీరు
తమ్ముడూ, ముసాయిదాలో ఉన్న మూడు జరిమానాలూ తీసేయండి. బెల్టు నడపడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. ఆ నేరానికి ఊరు సొంతంగా వెల కట్టి వసూలు చేస్తే తప్పు ఊరిది అవుతుంది. అమ్మేవాడు ఒక్క వకీలును పట్టుకుంటే కమిటీవాళ్లే స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుంది. తల్లిదండ్రుల మీద 5 వేలు ఇంకా చెడ్డది. కొడుకు తాగొచ్చిన రాత్రి ఆ తల్లి పక్కింటి తలుపు కొట్టాలి, ఆశా కార్యకర్తను పిలవాలి. జరిమానా భయం ఉంటే తలుపు వేసుకొని లోపలే పడుకోబెడుతుంది. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. బహుమానం పెడితే పాత పగలు తీర్చుకునే ఫిర్యాదులు మొదలవుతాయి, నెల తిరక్కుండా నిజమైన ఫిర్యాదును కూడా ఎవరూ నమ్మరు.

వేలం మాట అసలు ఎత్తనివ్వకండి. మద్యం అమ్ముకునే హక్కు ఇచ్చేది ప్రభుత్వం ఒక్కటే. ఊరి కమిటీ వేలం పాడించి ఆ కాగితం మీద సంతకం పెడితే, రేపు ఆ కాగితమే వాళ్ల మీద సాక్ష్యం. పిల్లల విషయంలో అయితే వేలం ఐదు బెల్టుల కన్నా ప్రమాదం. లక్షలు పోసి పాడుకున్నవాడు అవి రాబట్టుకోవాలి కదా, పొద్దున ఆరింటికే తెరుస్తాడు, అప్పు పెడతాడు, పదిహేనేళ్ల పిల్లవాడిని వెనక్కి పంపడు. గుడికి పైసలు తీసుకున్న ఊరు అతన్ని నిలదీయనూ లేదు.

చట్టంలో మీకు పనికొచ్చేవి రెండు వయసులు. తెలంగాణలో, ఆంధ్రలో కూడా మద్యం కొనడానికి 21 నిండాలి. ఇది ఎక్సైజ్ చట్టం. 18 లోపు అయితే బాలల న్యాయ చట్టం 2015 కూడా వస్తుంది. సెక్షన్ 77 కింద పిల్లలకు మత్తు పానీయం ఇచ్చినవాళ్లకు, సెక్షన్ 78 కింద పిల్లలతో మద్యం అమ్మించినా మోయించినా, ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. 77లో "ఇవ్వడం" అని ఉంది, అమ్మడం ఒక్కటే కాదు. పెళ్లి బరాత్‌లో గ్లాసు చేతికిచ్చిన మేనమామకూ అదే సెక్షన్. తాగిన పిల్లవాడు ఈ కేసులో నిందితుడు కాడు, రక్షణ అవసరమైనవాడు. తీర్మానంలో ఈ వాక్యం తప్పకుండా ఉండాలి.

ఇక్కడ ఒక చిక్కుంది, చాలామంది దీని దగ్గరే ఆగిపోతారు. 2021లో బాలల న్యాయ చట్టాన్ని సవరించారు, ఆ సవరణ 2022 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మూడు నుంచి ఏడేళ్ల శిక్ష ఉన్న నేరాలు నాన్ కాగ్నిజబుల్, అంటే పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేయలేనివి. ఫిర్యాదులో 77 ఒక్కటే రాస్తే, మేజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు చేయలేమని స్టేషన్‌లో చెబుతారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. అందుకే లైసెన్సు లేకుండా అమ్మినందుకు ఎక్సైజ్ చట్టం సెక్షన్ 34ను కూడా అదే ఫిర్యాదులో రాయండి. కేసులో ఒక్కటైనా కాగ్నిజబుల్ నేరం ఉంటే మొత్తం కేసును అలాగే చూడాలని బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 174లో ఉంది. రెండూ కలిపి రాసిన ఫిర్యాదును వెనక్కి పంపడం కష్టం.

ఇంకొకటి. దొరికిన పిల్లవాడిని చెట్టుకు కట్టడం, గుండు గీయడం, ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టడం లాంటివి ఎవరు చేసినా కేసు వాళ్ల మీదికే వస్తుంది. పిల్లల గుర్తింపు బయటపెడితే సెక్షన్ 74: ఆరు నెలల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. గ్రూపు అడ్మిన్‌కు ముందే చెప్పి పెట్టండి.

తాటివనం
కచ్చీరు గారు చట్టం చెప్పారు, నేను సరుకు దారి చెబుతా.

తెలంగాణలో 2,620 లైసెన్సు షాపులు. 5 వేల లోపు జనాభా ఉన్నచోట కూడా లైసెన్సు పన్ను ఏడాదికి 50 లక్షలు. దరఖాస్తుకే తిరిగిరాని 3 లక్షలు. అంత పోసినవాడు మండల కేంద్రంలో కౌంటరు మీద అమ్మి సరిపెట్టుకోడు, చుట్టూ ఊళ్లకు కార్టన్లు తోలతాడు. కార్టన్‌కు 48 క్వార్టర్లు. బెల్టు మనిషి క్వార్టరు మీద 20 రూపాయలు ఎక్కువ తీసుకుంటే కార్టన్‌కు 960 మిగులుతుంది. అతన్ని పోషించేది రోజూ తాగే పెద్దవాళ్లే. పిల్లల నుంచి వచ్చేది అందులో చిల్లర. కాబట్టి ఐదు బెల్టులు పూర్తిగా మూయించడం ఏడాది పని అయినా, పిల్లలకు సరుకు అందకుండా చేయడం రెండు మూడు నెలల్లో అయ్యే పని. ఈ రెండింటినీ ఒకటిగా కట్టేసుకోకండి. మొదటిది కాలేదని రెండోది వదిలేసిన ఊళ్లే ఎక్కువ.

పిల్లవాడికి బెల్టులో క్వార్టరు ఇప్పించే మాట ఒక్కటే: "మా నాయిన పంపిండు." నిజంగానే ఆ పిల్లవాడిని వాళ్ల నాయిన పదిసార్లు పంపి ఉంటాడు. పదకొండోసారి సొంతానికి కొంటే అమ్మేవాడికి తేడా తెలియదు, తెలిసినా తెలియనట్టు ఉంటాడు. ఆ మాట ఊళ్లో చెల్లకుండా చేయండి. తీర్మానంలో మొదటి వాక్యం ఇదే కావాలి: "ఈ ఊళ్లో ఎవరూ పిల్లలను మందు తెమ్మని పంపరు, సీసా మోయించరు, కల్లు డబ్బా కూడా." పిల్లవాడు షాపు ముందు నిలబడ్డాడంటే తన కోసమేనని అప్పుడు అందరికీ అర్థమైపోతుంది. అమ్మేవాడికి సాకు ఉండదు. ఇది పాటించమని అడిగితే తాగే తండ్రులు కూడా ఎదురు చెప్పరు, వాళ్ల తాగుడు మీదికి పోవడం లేదు కాబట్టి. గ్రామసభలో చేతులు లేచేది ఇలాంటి వాక్యానికే.

సభకు ముందు నాలుగు వారాలు ఖాళీ సీసాలు లెక్కబెట్టండి. ప్రతి సోమవారం పొద్దున, అవే నాలుగు జాగాల్లో, ఇద్దరు పెద్దవాళ్లు పోవాలి, పిల్లల్ని పంపొద్దు. మందపాటి రబ్బరు గ్లవుజులు, ఒక గోనె సంచి, ఒక నోటుబుక్కు చాలు. తొంభైలు (90 మిల్లీలీటర్ల సీసాలు) ఎన్ని, క్వార్టర్లు ఎన్ని, బీర్లు ఎన్ని, ప్లాస్టిక్ గ్లాసులు ఎన్ని, కూల్‌డ్రింకు సీసాలు ఎన్ని. పిల్లలు కూర్చున్న జాగాలో గ్లాసులు ఎక్కువ, సీసాలు తక్కువ ఉంటాయి. ఒక క్వార్టరుకు నాలుగైదు గ్లాసులు, చిప్స్ ప్యాకెట్లు. పెద్దవాళ్లు కూర్చున్నచోట మనిషికో క్వార్టరు లెక్కన ఉంటుంది. మూత మీద ఉండే ఎక్సైజ్ స్టిక్కరు చింపొద్దు, నీళ్లతో కడగొద్దు. దాన్ని బట్టి ఆ సీసా ఏ లైసెన్సు షాపుకు పోయిందో ఎక్సైజ్ వాళ్లు చూడగలరు. ఐదారు సీసాలు స్టిక్కరుతో సహా కవర్లో వేసి, ఏ తేదీన ఎక్కడ దొరికాయో కాగితం అంటించి పెట్టుకోండి. ఫిర్యాదును బెల్టు మీదే కాక దానికి సరుకు పోసిన వైన్స్ మీద కూడా రాయండి. బెల్టు మనిషికి పోయేది ఒక కార్టను. వైన్స్ వాడికి లైసెన్సు భయం ఉంటుంది, కాబట్టి కదలిక వచ్చేది అక్కడి నుంచే.

ఫిర్యాదు ఒక్క పేజీ దాటొద్దు. షాపు ఎక్కడుందో హద్దులతో, ఏ రోజుల్లో ఏ గంటల మధ్య అమ్ముతున్నారు, సరుకు ఎక్కడ పెడతారు, ఎంతకు అమ్ముతున్నారు. పిల్లల పేర్లు ఎక్కడా రాయొద్దు, "18 లోపు బాలురకు" అంటే చాలు. ఒకటి ఎక్సైజ్ స్టేషన్ సీఐకి, ఒకటి పోలీసు స్టేషన్‌కు, ఒకటి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో. ప్రజావాణిలో రసీదు తీసుకోకుండా రావొద్దు. ఊళ్లోని ఏ ఒక్క అధికారికో ముందుగా ఫోన్‌లో చెప్పి, తర్వాత కాగితం ఇచ్చే పద్ధతి పెట్టుకోకండి. తనిఖీ బండి వచ్చేలోపు సరుకు పక్కింటి గడ్డివాములోకి పోతుంది. షాపులో రెండు సీసాలు దొరికితే చిన్న కేసు, గడ్డివాములో రెండు కార్టన్లు ఉన్నా ఎవరిదీ కాదు.

కేసు అయ్యాక బైండోవర్ అడగండి. ఎక్సైజ్ వాళ్లు అమ్మేవాడిని తహసీల్దారు ముందు నిలబెట్టి, మళ్లీ అమ్మనని పూచీకత్తు రాయిస్తారు. గడువులోపు మళ్లీ దొరికితే రాసిన మొత్తం కట్టాలి, లేదంటే జైలు. జరిమానా కట్టి మళ్లీ సాయంత్రానికే తెరిచేవాడు బైండోవర్‌కు మాత్రం భయపడతాడు. రెండేళ్లలో మీ ఊరివాళ్లు ఎవరెవరు బైండోవర్ అయ్యారు, ఏ తేదీన, ఎంత మొత్తానికి, ఎంతకాలానికి అని సమాచార హక్కు కింద అడగండి. ఐదుగురిలో ఇద్దరు ముందే బాండు కింద ఉండి ఉండొచ్చు. అలా ఉంటే కొత్త కేసుతో పాటు పాత బాండు ఉల్లంఘన కూడా పెట్టమని అడగాలి, వాళ్లంతట వాళ్లు గుర్తు చేసుకోరు.

వేపగద్దె
ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు అన్నా. "నాయిన పంపిండు" మాట అక్షరాలా నిజం. రెండు అనుమానాలు. మా ఊళ్లో కల్లు దుకాణం కూడా ఉంది, దసరాకు, దినాలకు పిల్లలకు ఓ గ్లాసు పోయడం తప్పుగా ఎవరూ అనుకోరు. బెల్టులతో పాటు దుకాణం కూడా ఒకేరోజు మూయించాలని సంఘం అక్కలు అంటున్నారు. ఇంకోటి, పిల్లవాడు తాగి పడిపోతే ఊళ్లో మజ్జిగ, చింతపండు పులుసు తాగించి కక్కిస్తారు. అది మంచిదేనా?

ఆశా_డైరీ
కక్కించొద్దు. ఇది మాత్రం ఇవాళే అందరికీ చెప్పండి.

180 మిల్లీలీటర్ల క్వార్టరులో 42.8 శాతం ఆల్కహాలు, అంటే సుమారు 60 గ్రాములు. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో 40 గ్రాముల పైనే. "బీరే కదా" అనుకునే తల్లులకు ఈ లెక్క చూపించండి, ఒక స్ట్రాంగ్ బీరు క్వార్టరులో మూడింట రెండు వంతులు. 40 కిలోల పిల్లవాడు పందెం కట్టి ఒక్క గుక్కలో క్వార్టరు దించితే మొదటి అరగంట బాగానే కనిపిస్తాడు. పొట్టలోది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. "పడుకుంటే దిగుతుంది" అని ఒంటరిగా వదిలేసిన గంటలోనే పరిస్థితి చేయి దాటుతుంది.

మత్తులో మింగే శక్తి తగ్గుతుంది. ఆ స్థితిలో మజ్జిగ పోస్తే, వేలు పెట్టి కక్కిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చేయాల్సింది: ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టడం, పై మోకాలు ముందుకు మడిచి బోర్లా పడకుండా ఆపడం, నోరు కిందికి వంగి ఉండేలా చూడడం, దుప్పటి కప్పడం. తల మీద చన్నీళ్లు గుమ్మరించొద్దు, ఒళ్లు ఇంకా చల్లబడుతుంది. పక్కన ఒకరు కూర్చొని ఊపిరి లెక్కపెట్టాలి. నిమిషానికి ఎనిమిది కన్నా తక్కువైనా, రెండు ఊపిర్ల మధ్య పది సెకన్లు గడిచినా, పిలిచినా గిచ్చినా కళ్లు తెరవకపోయినా, పెదాలు నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేయాలి. పిల్లలకు ఆల్కహాలుతో రక్తంలో చక్కెర కూడా పడిపోతుంది, అది బయటి నుంచి చూస్తే మత్తులాగే ఉంటుంది, అందుకే డాక్టరు చూడాలి. మెలకువగా ఉండి సొంతంగా గ్లాసు పట్టుకోగలిగినవాడికి మాత్రమే గుక్కగుక్కగా పంచదార నీళ్లు. ఏం తాగాడు, ఎంత, ఎప్పుడు అని స్నేహితులను అడగండి, కొట్టకుండా అడిగితేనే చెబుతారు.

కల్లు సంగతి వేరు, తొందరపడొద్దు. చెట్టు నుంచి దించిన కల్లు వేరు, దుకాణాల్లో దొరికే మందుకల్లు వేరు. దానిలో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం కలుపుతారని తెలిసిందే. రోజూ తాగేవాడికి అది ఒక్కసారిగా ఆగితే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, మెడ తిప్పేయడం, పొంతన లేని మాటలు, ఫిట్స్. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూసినప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం ఒక్కసారిగా పోటెత్తింది ఇందుకే. కాబట్టి దుకాణం మూయించే రోజు ముందే నిర్ణయించుకొని, పీహెచ్‌సీ డాక్టరుకు వారం ముందు చెప్పండి. రోజూ తాగేవాళ్లు, పిల్లలతో సహా, ఎంతమందో ఆశా కార్యకర్త దగ్గర లెక్క ఉండాలి. పేర్లు ఆమె పుస్తకంలోనే ఉండాలి, గ్రామసభలో చదవకూడదు. పిల్లలకు పోసే గ్లాసు మాత్రం ఇవాళే ఆపొచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అలవాటు పడిన పిల్లల విషయం. నెలకోసారి, రెండుసార్లు నలుగురితో తాగేవాడికి మందులతో పని లేదు, తాగే జాగా, తాగే గంట మారితే చాలావరకు తగ్గుతుంది. పొద్దున లేవగానే తాగాలనిపించడం, ఒంటరిగా తాగడం, ఇంట్లో బియ్యం, పైసలు మాయం కావడం కనిపిస్తే జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోవాలి. 14446కి ఫోన్ చేస్తే మత్తు మాన్పించే కేంద్రాల సమాచారం, సలహా దొరుకుతాయి. 14416 టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైనులో తెలుగులోనే మాట్లాడతారు, పిల్లవాడు సొంతంగా కూడా చేయొచ్చు. ఇంట్లో కొడుతున్నా, తండ్రే తాగిస్తున్నా 1098, పిల్లల హెల్ప్‌లైను.

సుద్దముక్క
బడి వైపు నుంచి కొంచెం.

హాజరు పట్టీ చూడండి, అందులోనే ఉంటుంది. సోమవారాలు, పండుగ మర్నాడు, ఊళ్లో పెళ్లి అయిన మర్నాడు ఎవరెవరు రావడం లేదో మూడు నెలలది తీస్తే అవే ఏడెనిమిది పేర్లు మళ్లీమళ్లీ వస్తాయి. ఆ పట్టిక ప్రధానోపాధ్యాయుడి బీరువాలోనే ఉండాలి. ఆ పిల్లల ఇళ్లకు పోవాల్సింది క్లాసు టీచరు, ఆశా కార్యకర్త ఇద్దరే, అదీ వేర్వేరు రోజుల్లో, వేరే ఇళ్లతో కలిపి. నేరుగా ఆ ఏడిళ్లకే పోతే ఊరంతటికీ తెలిసిపోతుంది.

బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి గ్రామైక్య సంఘం అధ్యక్షురాలే అధ్యక్షత వహిస్తారు కదా. మీ సంఘానికీ బడికీ మధ్య దారి అప్పటికే ఉంది, కొత్త కమిటీ ఇంకొకటి పెట్టుకోకండి. కమిటీలు పెరిగితే మినిట్స్ పుస్తకాలు పెరుగుతాయి తప్ప పని కదలదు.

తాగే గంట సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది. ఆ మూడు గంటలకు పిల్లవాడికి పోయే చోటు లేకపోతే చెరువు కట్టే దిక్కు. వాలీబాల్ కోర్టుకు రెండు వైపులా ఆరు మీటర్ల స్తంభాలు, ఒక్కోదానికి 100 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్లు రెండు, పంచాయతీ వీధిదీపాల లైను నుంచి తీసుకుంటే పెద్ద ఖర్చు కాదు. టైమరు పెట్టి తొమ్మిదిన్నరకు ఆగేలా చేయండి. లేకపోతే ఆ వెలుతురే తాగేవాళ్ల జాగా అవుతుంది. కోర్టు కాడికి బాధ్యత గల ఒక పెద్ద మనిషి రోజూ రావాలి, వారానికి ఏడుగురు వంతులు వేసుకోండి. మనిషి లేని కోర్టు రెండో నెలలో ఖాళీ సీసాలతో నిండుతుంది. ఆడపిల్లలకు సాయంత్రం చదువుకునే గది విడిగా, బడిలోనే. తాగుడు మగపిల్లలదే అనుకొని వాళ్లను లెక్కలోంచి తీసేయకండి, బీరు వాళ్ల దాకా కూడా వస్తోంది.

గోడల మీద "మద్యం మహమ్మారి" అని రాయించడం, పుర్రె బొమ్మలతో ర్యాలీలు తీయడం మీద పైసలు పెట్టొద్దు. పదో తరగతి పిల్లలకు భయం కన్నా "అందరూ తాగుతున్నారు" అన్న నమ్మకం బలంగా పనిచేస్తుంది. క్లాసులో పేర్లు లేని చీటీలు రాయించి, పోయిన నెలలో తాగినవాళ్లు ఎంతమంది, మీ క్లాసులో ఎంతమంది తాగుతారని అనుకుంటున్నారు అని రెండే ప్రశ్నలు అడగండి. రెండో అంకె మొదటిదానికన్నా మామూలుగా పెద్దగా వస్తుంది. ఆ తేడాను బోర్డు మీద రాసి చూపిస్తే తాగనివాడికి ఒంటరిని కానని తెలుస్తుంది. మీ బడిలో ప్రహరీ క్లబ్బు (మత్తు పదార్థాలకు వ్యతిరేకంగా పిల్లలతో నడిపేది) ఉంటే ఈ పని వాళ్లతోనే చేయించొచ్చు. నిఘా పని మాత్రం పిల్లలకు అప్పగించొద్దు. ఎవరు తాగారో చెప్పమంటే ఆ పిల్లవాడి స్నేహాలు పోతాయి, దెబ్బలూ తినొచ్చు.

బరాత్, నిమజ్జనం, దసరా. ఏడాదిలో చాలామందికి మొదటి గ్లాసు చేతికొచ్చేది ఈ రోజుల్లోనే. డీజేకు పంచాయతీ దగ్గరికి వచ్చే ఇంటి పెద్దతో ఒక మాట రాయించుకోండి: మందు పోసే చోటు వేరు, అన్నం పెట్టే చోటు వేరు, మందు దగ్గర ఇద్దరు పెద్దవాళ్ల పేర్లు. టేబుల్ మీద సీసాలు వదిలేసి ఎవరికి వాళ్లు పోసుకునే పద్ధతే పిల్లలకు దారి.

పెన్నా_ఒడ్డు
నెల్లూరు వైపు నుంచి ఒక మాట. సంఘం అక్కలు బెల్టుల మీద పడి సీసాలు పగలగొడదాం అంటారేమో, ఆపండి. పగిలిన సీసాతో సాక్ష్యం పోతుంది, దాడి చేశారని తిరుగు కేసు వస్తుంది. 1992లో దూబగుంటలో రోశమ్మ గారు, ఆ ఊరి ఆడవాళ్లు పట్టుకున్నది కూడా సరుకు దారినే. సారా ప్యాకెట్లను ఊళ్లోకి రానివ్వలేదు, ఉద్యమం జిల్లా అంతా పాకాక సారా వేలం పాటలనే అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది అలా. తర్వాత 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం 1997లో సడలిపోయింది. ఆడవాళ్లు రోజూ కాపలా కాసిన ఊళ్లలో ఉన్నంత పట్టు పైనుంచి వచ్చిన ఆర్డరుకు లేకపోయింది. అందుకే మీ వేలం మాట వింటే బాధేసింది. వేలం ఆపడానికే అప్పట్లో అంతమంది రోడ్డెక్కారు.

సరుకు మండల కేంద్రం నుంచి మీ ఊరికి ఏ బండి మీద, ఏ రోజు, ఎన్నింటికి వస్తుందో రెండు వారాలు రాసుకోండి. ఆటోనో, పాల బండో అయి ఉంటుంది. ఎక్సైజ్ వాళ్లకు ఐదు ఇళ్లు సోదా చేయడం కన్నా ఆ ఒక్క బండిని దారిలో ఆపడం సులువు. మీరే ఆపకండి, నంబరు, సమయం ఇవ్వండి.

ఆంధ్ర వైపు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ గ్రామ సచివాలయంలో మహిళా పోలీసు ఉంటే, ఫిర్యాదు అక్కడ కూడా ఇచ్చి రసీదు తీసుకోండి.

వేపగద్దె
సంఘంలో చదివి వినిపించాం. జరిమానాలు, బహుమానం తీసేశాం. కొత్త ముసాయిదా, చూసి తప్పులు చెప్పండి:

"ఈ ఊళ్లో 18 ఏళ్ల లోపు పిల్లలను మందు గానీ కల్లు గానీ తెమ్మని ఎవరూ పంపరు. వాళ్లకు ఎవరూ అమ్మరు, పండుగకైనా పెళ్లికైనా పోయరు. అలా జరిగితే పంచాయతీ తరఫున ఎక్సైజ్, పోలీసు శాఖలకు రాతపూర్వక ఫిర్యాదు వెళ్తుంది. తాగిన పిల్లవాడిని, అతని కుటుంబాన్ని ఎవరూ దండించరు, పేరు బయటపెట్టరు. ఖాళీ సీసాల లెక్క ప్రతి గ్రామసభలో చదువుతారు. బెల్టు షాపులకు వేలం ఈ ఊళ్లో జరగదు."

కచ్చీరు
బాగుంది. మూడు సవరణలు. పంపడం దగ్గర 18 ఉంచండి, అమ్మడం దగ్గర 21 అని విడిగా రాయండి, లేకపోతే 19 ఏళ్లవాడికి అమ్మడానికి ఊరు ఒప్పుకున్నట్టు అర్థం వస్తుంది. "పంచాయతీ తరఫున" అంటే ఎవరు? సంతకం ఎవరిదో, ఎన్ని రోజుల్లో పంపాలో రాయండి. సర్పంచు సంతకం, మూడు రోజుల్లో, ఆయన పెట్టకపోతే గ్రామైక్య సంఘం అధ్యక్షురాలు పెట్టొచ్చు అని. ఎన్నికల్లో ఎవరి ఇంటి నుంచి మందు పారిందో ఊరందరికీ తెలుసు కదా, ఆ రెండో సంతకం అవసరం పడుతుంది.

మూడోది, తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఎక్కిన రోజే కార్యదర్శి దగ్గర ధ్రువీకరించిన నకలు తీసుకోండి. ప్రతి ఫిర్యాదుకూ దాన్ని జత చేయండి.

తాటివనం
సీసాల లెక్క సభలో చదివేటప్పుడు జాగాల పేర్లు చదవండి, అంకెలు చదవండి, షాపుల పేర్లు చదవకండి. అవి ఫిర్యాదులోనే ఉండాలి. మొదటి రెండు నెలలు బడి వెనక లెక్క తగ్గి పక్క ఊరి పొలిమేరలో పెరిగితే కంగారు పడొద్దు, పిల్లలు జాగా మార్చారని అర్థం. అప్పుడు ఆ పక్క ఊరి సంఘానికి ఇదే తీర్మానం నకలు ఇచ్చి, సోమవారం పొద్దున లెక్కకు వాళ్ల మనిషిని ఒకరిని పంపమనండి. గోనె సంచులు రెండు తీసుకుపోండి, ఒక్కటి సరిపోదు.